ఇద్దరు చాలని ఊరూరా చెప్పిన నర్సమ్మ రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి, వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రులకు, శాసనసభ్యులందరికీ,

నమస్కారం.

పల్నాడు పల్లెల్లో 35 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేసి 2020లో రిటైరైనదాన్ని. మన రాష్ట్రంలో జననాల రేటు పడిపోతోందని, ఇంకా ఎక్కువమంది పిల్లల్ని కనాలని ముఖ్యమంత్రి గారు 2024 అక్టోబరు నుంచి సభల్లో చెబుతున్నారు. ఆ మాట మీద ఇంటింటి సంగతి తెలిసినదానిగా నాలుగు ముక్కలు చెప్పుకుందామని మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది తమ శాఖ కిందికి రాదని ఇంకో శాఖకు పంపారు. మూడోదానికి ‘మీ అర్జీ పరిష్కారమైంది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడిగితే చెప్పినవాళ్లు లేరు. అందుకని ఈ లేఖ అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

1985లో ఉద్యోగంలో చేరినప్పుడు నా చేతికిచ్చిన మొదటి పుస్తకం అర్హులైన దంపతుల రిజిస్టరు. ఏ ఇంట్లో ఎవరికి పెళ్లయింది, ఎందరు పిల్లలు, ఆఖరి బిడ్డకు ఎన్నేళ్లు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందా లేదా, అన్నీ గళ్లు గీసుకుని రాసుకునేవాళ్లం. ఏడాదికి ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలని టార్గెట్ ఉండేది. మార్చి నెల వచ్చిందంటే మాకు అన్నం సహించేది కాదు. కేసులు తగ్గితే జీతం ఆపుతామనేవాళ్లు. తెల్లారకముందే జీపు వచ్చేది. చంకలో బిడ్డలతో వచ్చిన బాలింతలను ఎక్కించుకుని క్యాంపుకు తీసుకెళ్లేవాళ్లం. బడి గదిలో బెంచీలు గోడవారకు జరిపి, నేల మీద టార్పాలిన్ పరిచి, ఆపరేషన్ అయినవాళ్లను వరసగా పడుకోబెట్టేవాళ్లం. మత్తు దిగక వాంతులు చేసుకుంటుంటే తల పట్టుకుని కూర్చున్నది నేనే.

1996లో కేంద్రం ఆ టార్గెట్లు ఎత్తేసింది. ఆ మరుసటి ఏడాదే మన రాష్ట్రం సొంతంగా జనాభా విధానం రాసుకుంది. దేశంలో అలా రాసుకున్న మొదటి రాష్ట్రం మనదే. కాగితం మీద టార్గెట్ పోయినా మా మీద ఒత్తిడి పోలేదు. ఇద్దరికి మించి ఉంటే సర్పంచిగా, వార్డు మెంబరుగా పోటీ చెయ్యనివ్వమని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఆ నిబంధన తీసేశారు.

నేను చేసిన పని తప్పని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. ఐదో కాన్పుకో ఆరో కాన్పుకో ఒంట్లో రక్తం లేక, దారిలోనే ప్రాణం పోయిన తల్లులను చూశాను. బిడ్డకూ బిడ్డకూ ఏడాది కూడా ఎడం లేక ఎముకల గూళ్లలా మిగిలిన ఆడవాళ్లను చూశాను. చాలని అనుకున్న ఆడదానికి ఆపరేషన్ ఒక దారి చూపించింది. నాకూ ఇద్దరే. రెండో కాన్పు కాగానే చేయించుకున్నాను. మనం చేయించుకోకుండా ఊళ్లోవాళ్లకు ఎలా చెబుతాం?

అయితే ఒకమ్మాయి సంగతి మీకు చెప్పాలి. పేరు రాయను. పదహారేళ్లకు పెళ్లయింది. ఇరవై దాటేసరికి ఒక బాబు, ఒక పాప. నేనే వాళ్లింటికి నాలుగుసార్లు తిరిగి, అత్తకు నచ్చజెప్పి, జీపెక్కించి తీసుకెళ్లాను. ఎనిమిదేళ్ల తర్వాత ఆ బాబు సాగర్ కాలవలో ఈతకెళ్లి చనిపోయాడు. దినాలు కాగానే ఆ పిల్ల మా సబ్ సెంటర్ మెట్ల మీద వచ్చి కూర్చుంది. “నర్సమ్మా, నువ్వు చెబితేనే కదా చేయించుకున్నాను. మళ్లీ విప్పించవా?” అని అడిగింది. గుంటూరు తీసుకెళ్లాను. అక్కడినుంచి ఇంకోచోటికి పంపారు. చివరికి ఒక ప్రైవేటు డాక్టరు ట్యూబులు మళ్లీ అతికిస్తానంటే గేదెను అమ్మి చేయించుకుంది. నెల తప్పలేదు. పాపను పెళ్లి చేసి పంపించేసింది, భర్త పోయాడు. ఇప్పుడు ఒక్కతే ఉంటోంది. నేను ఆ వీధిలో వెళ్తే ఇప్పటికీ మంచినీళ్లిచ్చి పంపుతుంది. ఒక్క మాట అనదు. అనకపోవడమే నాకు బాధ.

ఆవిడకు ‘ఇద్దరు చాలు’ అని చెప్పమన్నది ప్రభుత్వమే. ఇప్పుడు ఆవిడ కూతురికి ‘ఇంకా కనండి’ అని చెబుతున్నదీ ప్రభుత్వమే. ఈ రెండు మాటల నడుమ ఆ ఇంటికి మనం ఏమీ చెయ్యలేదు.

లెక్కలు మీ దగ్గర ఉన్నవే. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06 నాటికి అది 1.8. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తరగకుండా నిలబడాలంటే 2.1 ఉండాలంటారు. అంటే ఇరవై ఏళ్లుగా మనం ఆ గీతకు కిందే ఉన్నాం. ఇది నిన్న మొన్న ముంచుకొచ్చిన సంగతి కాదు. దీని బరువు పల్లెల్లో ఎవరి మీద పడుతోందో వరసగా చెబుతాను.

1. ముసలివాళ్లు ఒంటరిగా మిగిలిపోతున్నారు.

నెల మొదటి తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి నాలుగు వేల పింఛను ఇస్తున్నారు. మంచి పని, కాదనను. మా వీధి చివర ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు హైదరాబాదు, ఒకరు పుణె. ఆవిడ వేలిముద్ర మిషన్‌లో పడదు. ఆ సచివాలయం అబ్బాయి తడిగుడ్డతో వేలు తుడిచి మళ్లీ పెట్టిస్తాడు. డబ్బు చేతికొచ్చాక కొంగున ముడేసుకుని, దిండు కింద నుంచి మాత్రల అట్ట తీసి, “ఇది పొద్దున్నదా, రాత్రిదా చూసి చెప్పు నాయనా” అంటుంది. నెలకొకసారి వచ్చే ఆ అబ్బాయి తప్ప ఆ మాట అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. నేను వెళ్లిన రోజున నన్ను అడుగుతుంది. నేను చూసేసరికి బీపీ మాత్ర, షుగర్ మాత్ర తారుమారుగా వేసుకుంటోంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు.

2011 జనాభా లెక్కల్లో మన రాష్ట్రంలో 60 దాటినవాళ్లు పదిమందికి ఒకరు. 2036 నాటికి ఐదుగురికి ఒకరి దరిదాపుల్లో ఉంటారని అంచనా. ఇందులో ఒక సంగతి గమనించండి. 2045 నాటికి 60 దాటబోయేవాళ్లంతా ఇప్పటికే పుట్టి, నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. ఇవాళ ప్రతి ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టినా ఆ సంఖ్య ఒక్కరు కూడా తగ్గదు. ఇప్పుడు పుట్టే బిడ్డ చేతికి అందిరావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా ఈ ముసలివాళ్లను ఎవరు చూడాలి? సభల్లో పిల్లల గురించి వింటున్నాను గానీ, ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడా వినలేదు.

2. పిల్లల బరువు, పెద్దల బరువు ఒకే ఆడమనిషి మీద పడుతున్నాయి.

ఇది మా ఇంటి సంగతే. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఒక్క బాబు. “ఇంకొకర్ని కనకూడదా?” అని మిగతా తల్లుల్లాగే నేనూ అడిగాను. అది నా మీద విసుక్కోలేదు. “రెండేళ్లు నువ్వొచ్చి నా దగ్గరుంటావా అమ్మా?” అని అడిగింది. ఉండలేను. మా ఆయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా, స్నానం చేయించాలన్నా నేనే. వాళ్ల అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, ఆవిడ బాధ్యత కూడా మా అమ్మాయిదే. బాబును ఉంచే కేర్ సెంటరుకు ఇంటద్దెలో సగం పోతోంది. మొదటి కాన్పు తర్వాత సెలవు ముగించుకుని వెళ్తే తన పని ఇంకొకరికి ఇచ్చేశారు, మళ్లీ కింద నుంచి మొదలుపెట్టింది. ఇవన్నీ తెలిసిన నేను ఇంకోసారి ఆ మాట అడగలేదు.

చదువుకున్న ఆడపిల్లలు స్వార్థం కొద్దీ కనడం లేదని కొందరు పెద్దలు మాట్లాడుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చిన్న కుటుంబంలో ముసలి తల్లిదండ్రులను, అత్తమామలను చూసుకునే చేతులు తక్కువ. ఆ చేతులే పసిబిడ్డనూ ఎత్తుకోవాలి. ఇద్దరేసి ఉన్న ఇళ్లలో పెరిగిన భార్యాభర్తలకు నలుగురు పెద్దవాళ్లు ఉంటారు, పంచుకోవడానికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ దూరంగా ఉంటారు. నా 35 ఏళ్ల అనుభవంలో పిల్లలంటే ఇష్టం లేని తల్లులు తక్కువ, సాయం లేని తల్లులు ఎక్కువ.

కూలికెళ్లే తల్లుల సంగతి ఇంకా కష్టం. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి మా ప్రాంతానికి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. చేను గట్టున రెండు కర్రలు పాతి, చీరతో ఉయ్యాల కట్టి, పసిదాన్ని అందులో వేసి, ఆరేళ్ల అక్కను కాపలా పెట్టి తల్లి కోతకు దిగుతుంది. ఆ ఆరేళ్లది బడిలో ఉండాల్సిన పిల్ల. మిరప ఘాటుకు పసిదానికి కళ్లు మండి ఏడుస్తుంటే నీళ్లతో తుడిచి పాలిచ్చి మళ్లీ చేనులోకి పోతుంది. ఉపాధి పనులు జరిగేచోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూడటానికి ఒక మనిషిని పెట్టాలని ఉపాధి హామీ చట్టంలో 2005లోనే రాశారు. అలా పిల్లల్ని చూసుకుంటూ కూలి తీసుకున్న మనిషిని నా సర్వీసులో నేను ఒక్కచోట కూడా చూడలేదు.

3. చిన్న వయసులో పెళ్లి, చిన్న వయసులో ఆపరేషన్, ఆ పైన గర్భసంచి తీయించుకోవడం.

2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల యువతుల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మగవాళ్లలో చేయించుకున్నవాళ్లు వందకు ఒక్కరు కూడా లేరు. అది కత్తిగాటు లేని చిన్న పని అని మేమెంత చెప్పినా, ‘మా ఆయన బరువులెత్తేవాడమ్మా’ అని ఆడవాళ్లే బల్లెక్కేవాళ్లు.

ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు కాన్పుల అధ్యాయం ముగిసిన ఆడదానికి ముప్పై దాటాక తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో ఆసుపత్రికి వెళ్తే, ‘పిల్లలు చాలుగా, గర్భసంచి తీసేద్దాం’ అంటారు. దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైన. ముప్పై ఐదేళ్లకే ఎముకలు గుల్లబారి, వొళ్లంతా వేడి సెగలతో, కూలికి పోలేక ఇంట్లో కూర్చున్నవాళ్లను పేరుపేరునా చూపించగలను. కాన్పుల్లోనూ అంతే. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే. దేశ సగటు 21.5. రెండుసార్లు కడుపు కోసిన తల్లిని మూడో బిడ్డను కనమని ఏ నర్సూ ధైర్యంగా చెప్పలేదు. ఎక్కువమందిని కనాలని కోరుతున్న ప్రభుత్వం ఈ కోతలను మాత్రం ఆపలేకపోతోంది.

4. బిడ్డ కావాలని తిరుగుతున్నవాళ్లు అప్పుల పాలవుతున్నారు.

నా రిజిస్టరులో పిల్లలు లేనివాళ్లకు గడి ఉండేది గానీ వాళ్లకు చెయ్యాల్సిన పనంటూ ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి పట్టణంలో సంతాన సాఫల్య కేంద్రం బోర్డులే. ఒక్కో విడతకు లక్షల్లో ఖర్చు. ఫలితం రాకపోతే మళ్లీ మొదటి నుంచి. మా పక్క ఊళ్లో ఒక జంట అరెకరం అమ్మి రెండు విడతలు చేయించుకున్నారు. లోపం భర్తలో ఉందని రెండో విడతకు గానీ తెలియలేదు. మొదటి పరీక్ష మగవాడికి చేస్తే వందల్లో తేలిపోయే సంగతి అది. ఐదేళ్లు గొడ్రాలన్న మాట పడింది మాత్రం ఆ అమ్మాయే.

5. బడులు మూతపడుతున్నాయి, పొలంలో పనిచేసేవాళ్లు లేరు.

నేను చేరిన రోజుల్లో మా సబ్ సెంటర్ పక్కన ప్రాథమిక బడిలో టీకాల రోజు పిల్లలు బయట వరండా దాకా నిలబడేవాళ్లు. రిటైరైన ఏడాది ఐదు తరగతులకు కలిపి పదకొండు మంది. ప్రైవేటు బళ్ల వ్యాన్లు తీసుకెళ్లింది కొంత, పుట్టేవాళ్లే తగ్గింది కొంత. పక్క రాష్ట్రం తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు రెండు వేలు దాటాయి. బడి పోతే చిన్నపిల్లలున్న కుటుంబం ఆ ఊళ్లో ఉండదు. ఆ తర్వాత ఊళ్లో మిగిలేది పైన చెప్పిన పెద్దావిడలాంటివాళ్లే. వరినాట్లకు బీహారు, బెంగాల్ నుంచి మనుషులను పిలిపించుకుంటున్నారు. రేపు అక్కడా పిల్లలు తగ్గాక ఎవరిని పిలుస్తామో ఆలోచించాలి.

6. ఢిల్లీలో మన వాటా.

ఇది నాకంటే మీకే బాగా తెలుసు. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని లోక్‌సభ సీట్ల లెక్కను 1976లో 1971 జనాభాకు కట్టేశారు, 2001లో దాన్ని పొడిగించారు. కేంద్ర పన్నుల్లో మన వాటా మాత్రం, ఆ వాటాలు తేల్చే ఆర్థిక సంఘాల్లో 14వ సంఘం నాటి 4.305 శాతం నుంచి 15వ సంఘంలో 4.047 శాతానికి తగ్గింది. జనాభా ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ఆ తగ్గుదల మీద పోరాటం ఢిల్లీలో చెయ్యండి. దానికి జవాబుగా మా ఆడపిల్లల కడుపులను చూపించకండి. టార్పాలిన్ మీద పడుకున్న ఆ బాలింతలకు ఆర్థిక సంఘం అంటే ఏంటో తెలియదు.

ఇంకొక్క మాట. దక్షిణ కొరియా ఇరవై ఏళ్లుగా పిల్లల్ని కనమని కుప్పలుగా డబ్బు పోసింది. 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు 0.72, అంటే ఒక్కరు కూడా లేరు. ఇళ్ల ధరలు, పనిగంటలు, చదువుల ఖర్చు, ఇంటిపని అంతా ఆడవాళ్ల మీదే ఉండటం మారలేదు కాబట్టి డబ్బు పనిచెయ్యలేదు. రొమేనియాలో 1966లో అబార్షన్లు నిషేధించారు. మరుసటి ఏడాది పుట్టుకలు దాదాపు రెట్టింపయ్యాయి, తర్వాత మళ్లీ పడిపోయాయి. దొంగచాటు అబార్షన్లలో వేలమంది తల్లులు చనిపోయారు. 1989 చివర్లో ఆ చట్టం పోయేదాకా అదే జరిగింది. నాటు మందులు మింగి, కర్రపుల్లలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లను ఉద్యోగం తొలి రోజుల్లో నేనూ చూశాను. ఆ రోజులు మళ్లీ రాకూడదు.

కాబట్టి మా విన్నపాలు ఇవి. ఇవి నా ఒక్కదానివే కాదు, నాతో పనిచేసిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు కూర్చుని రాసుకున్నవి.

1. పిల్లల సంఖ్యకూ ఏ హక్కుకూ ముడిపెట్టకండి. ఇద్దరి కంటే ఎక్కువమంది ఉన్నవాళ్లకే స్థానిక ఎన్నికల్లో అవకాశం ఇచ్చే ఆలోచన ఉందని 2024లో ముఖ్యమంత్రి గారే చెప్పారు. ముప్పై ఏళ్లు ముగ్గురున్నవాళ్లను పక్కన పెట్టాం. ఇప్పుడు ఒక్కరున్నవాళ్లను, అసలు లేనివాళ్లను పక్కన పెడితే అదే తప్పును తిరగేసి చేసినట్టు. అలాంటి చట్టం తేబోమని శాసనసభలో చెప్పండి.

2. కుటుంబ నియంత్రణ సేవలను ఒక్క రోజు కూడా తగ్గించకండి. ప్రచారం మారగానే కింది ఆసుపత్రుల్లో మాత్రలు, కాపర్-టిలు, ఇంజెక్షన్లు అందకుండా పోతాయేమోనని మా భయం. చాలనుకున్న ఆడదానికి చాలని చెప్పుకునే దారి ఉండాలి. మగవాళ్ల ఆపరేషన్‌కు ప్రతి జిల్లాలో నెలకొక రోజు కేటాయించండి.

3. ఆపరేషన్ తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు ట్యూబులు తిరిగి కలిపే ఆపరేషన్‌ను ప్రతి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చెయ్యండి. దారిఖర్చు, పోయిన కూలి కూడా ఇవ్వండి. వయసు దాటిపోయి, ఆపరేషన్ పనిచెయ్యక ఒంటరిగా మిగిలినవాళ్ల పేర్లు ఊరూరా రాయించండి. పైన నేను చెప్పినావిడ లాంటివాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. ప్రభుత్వం మాట విని చేయించుకున్నవాళ్లు వాళ్లు, వాళ్ల ముసలితనం ప్రభుత్వం బాధ్యత.

4. పిల్లలు లేనివాళ్లకు మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో పరీక్షలు, వైద్యం ఉచితంగా పెట్టండి. మొదటి పరీక్ష భార్యాభర్తలిద్దరికీ ఒకే రోజు చెయ్యాలని నియమం పెట్టండి.

5. పెద్దాపరేషన్లు, గర్భసంచి ఆపరేషన్లు ఏ ఆసుపత్రిలో ఎన్ని జరిగాయో, ఏ వయసు వాళ్లకు జరిగాయో మూడు నెలలకొకసారి ఆసుపత్రి వారీగా బయటపెట్టండి. నలభై లోపు వాళ్లకు గర్భసంచి తీయాలంటే ఇంకో ప్రభుత్వ డాక్టరు సంతకం ఉండాలి.

6. బాల్యవివాహాల మీద పట్టు సడలనివ్వకండి. ఎక్కువమంది పిల్లలు కావాలన్న ప్రచారం, ‘అమ్మాయికి త్వరగా చేసెయ్యండి’ అన్న మాటగా మా పల్లెల్లోకి దిగుతుంది. దిగడం మొదలైంది కూడా.

7. అంగన్‌వాడీలను పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలుగా మార్చండి. కేంద్రం పాల్నా పేరుతో ఇలాంటి పథకం పెట్టింది, దాన్ని మండలానికి ఒకటిగా కాక ఊరికొకటిగా తీసుకురండి. మిరప, పొగాకు, రొయ్యల ప్లాంట్ల సీజన్‌లో వలస కూలీలు దిగే చోట తాత్కాలిక కేంద్రాలు పెట్టండి. దీనికోసం ఇప్పుడున్న అంగన్‌వాడీ టీచరు మీదే పని పెంచొద్దు, ఇంకో మనిషిని వెయ్యండి, సరైన జీతం ఇవ్వండి.

8. ప్రసూతి సెలవులో తేడాలు తీసేయండి. ప్రభుత్వ ఉద్యోగినులకు ఎన్నో కాన్పయినా సెలవు ఇస్తామని 2025లో చెప్పారు. అదే ఏడాది ఆశా కార్యకర్తలకు 180 రోజుల సెలవు మొదటి రెండు కాన్పులకే అన్నారు. ఊరంతటికీ కాన్పులు చేయించే ఆశా కడుపు వేరా? కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు ఒకే నియమం ఉండాలి. కూలి ఆడవాళ్లకు కేంద్రం ఇచ్చేది మొదటి బిడ్డకు 5,000, రెండోది ఆడపిల్ల అయితే 6,000. రెండో బిడ్డ మగపిల్లాడైతే ఆ తల్లి కూలికి పోకుండా ఎలా బతకాలి? ఆరు నెలల కనీస కూలి రాష్ట్రం నుంచి ఇవ్వండి. తండ్రులకు కూడా సెలవు ఇచ్చి, దాన్ని వాడుకున్నారో లేదో అడగండి.

9. ముసలివాళ్ల కోసం ప్రతి సచివాలయంలో ఒక శిక్షణ పొందిన సహాయకురాలిని వెయ్యండి. వారానికొకసారి ఇంటికెళ్లి మాత్రలు సర్ది, బీపీ చూసి, పుండ్లు పడ్డాయేమో చూసి రావాలి. మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లకు నెలలో కొన్ని రోజులు ఇంటిమనిషికి విరామం దొరికేలా మండలానికొక కేంద్రం పెట్టండి. మా ఆయనను రెండు రోజులు నమ్మకంగా ఎక్కడైనా ఉంచగలిగితే నేను మా మనవడిని చూసి రాగలను. ఏడాదిన్నరగా వెళ్లలేదు. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు 200 రూపాయల దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. మిగతాదంతా రాష్ట్రమే మోస్తోంది. దాన్ని పెంచమని ఢిల్లీని గట్టిగా అడగండి.

10. జనాభా మీద కొత్తగా ఏ విధానం రాసినా, రాసే గదిలో ఆడవాళ్లు సగం మంది ఉండాలి. వాళ్లలో పని చేస్తున్న ఏఎన్ఎంలు, ఆశాలు, కూలి తల్లులు, ఆపరేషన్ చేయించుకుని నష్టపోయినవాళ్లు ఉండాలి. 1997లో మమ్మల్ని పిలవలేదు. అమలు చెయ్యమని మాత్రం చెప్పారు.

వీటిలో కొన్నింటికి పెద్ద ఖర్చవుతుందని తెలుసు. ఒకటి, రెండు, ఐదు, పది నెంబర్లకు పెద్దగా డబ్బు అక్కర్లేదు, నిర్ణయం చాలు. వాటితో మొదలుపెట్టండి. మూడో నెంబరుకు మాత్రం ఆలస్యం చెయ్యకండి. ఆ తల్లులకు ఒక్కో ఏడాది గడిచేకొద్దీ అవకాశం తగ్గిపోతుంది.

నేను రిటైరయ్యేటప్పుడు ఆఫీసు రిజిస్టర్లు అప్పగించి వచ్చాను. సొంతంగా రాసుకున్న నోటు పుస్తకం ఒకటి నా దగ్గరే ఉంది. ఆపరేషన్ తర్వాత బిడ్డ పోయినవాళ్లు, చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్నవాళ్లు, చూసే దిక్కు లేని పెద్దవాళ్లు, వీధుల వారీగా రాసి ఉన్నాయి. మీరు పంపిన అధికారిని వెంటబెట్టుకుని ఆ ఇళ్లన్నీ నేనే చూపిస్తాను. వాళ్ల అనుమతి తీసుకున్నాకే పేర్లు ఇస్తాను. ఈసారి ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ కాకుండా, ఏ అంశం మీద ఏం చేస్తారో కాగితం మీద రాసి జవాబు ఇప్పించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఏఎన్ఎం,
పల్నాడు జిల్లా